కుక్క తాగలేదు, అంతవరకే నా సాక్ష్యం

ముందుగా రిటైర్‌మెంటు సంగతి

నేను ముప్పై తొమ్మిదేళ్లకి రిటైరయ్యాను. ఈ మాట వినగానే కొందరు అభినందిస్తారు, కొందరు ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. నిజానికి రిటైరైంది మా ప్రాజెక్టు. విజయనగరం వైపు ఒక పరిశోధన కేంద్రంలో కుక్కల, పిల్లుల నరాల జబ్బుల మీద కాంట్రాక్టు పద్ధతిలో పనిచేశాను. కాంట్రాక్టు పొడిగించినంత కాలం శాస్త్రవేత్తని. పొడిగించని మర్నాటి నుంచి నరసన్నపేట దగ్గర మా నాన్నగారి వరి పొలంలో అదనపు మనిషిని. వరితో నాకు ఏ ఇబ్బందీ లేదు. దానికి మూర్ఛ రాదు. తల వాల్చేస్తే గింజ పట్టిందని అందరూ సంతోషిస్తారు.

పశువైద్యం చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "నరాల విభాగంలోకి వెళ్లమంటారా సార్?" అని అడుగుతుంటారు. ఫోన్‌లో అయితే "వెళ్లండి, బాగుంటుంది" అని పెట్టేస్తాను. అసలు జవాబు కొంచెం పొడుగు. అదే ఇది.

ఈ పని అంటే మెదడు కోసి చూడటం అని చాలామంది అనుకుంటారు. నా రోజుల్లో ఎక్కువ భాగం వరండాలో గడిచింది. కుక్కని నడిపించాలి, అది ఎలా నడుస్తోందో చూడాలి. తరవాత దాని పాదాన్ని వెనక్కి మడిచి నేలకి ఆనించి, అది తిరిగి సరిగ్గా పెట్టుకుంటుందా లేదా చూడాలి. పెట్టుకుంటే ఒక అర్థం, పెట్టుకోకపోతే ఇంకో అర్థం. ఇంతే. మా అమ్మకి ఒకసారి ఇది వివరంగా చెప్పాను. ఆవిడ అంతా విని, "ఇందుకేటి ఇన్నేళ్లు సదివినావు?" అంది. ఆ ప్రశ్నకి నేను రాసిన ఏ పరిశోధన పత్రంలోనూ సమాధానం లేదు.

మేడమ్

మా విభాగానికి పెద్ద వసుంధర మేడమ్. మా పేర్లు ఆవిడకి ఏడాదికి గాని రావు. కుక్కల పేర్లు మాత్రం వాటి తల్లుల పేర్లతో సహా గుర్తుండేవి. జంతువుని ముట్టుకోకముందు చాలాసేపు ఊరికే చూసేవారు. ఎవరైనా తొందరపడి జబ్బు పేరు చెబితే, "ముందు ఎక్కడో చెప్పు. మెదడా, వెన్నా, నరమా, కండా? ఏమిటన్నది తరవాత" అనేవారు. నాకు వచ్చిన విద్యలో పనికొచ్చేది అంతా ఈ ఒక్క మాటే. మిగతాదంతా దానికి వేసిన పటం.

ఆవిడ అన్ని విషయాల్లోనూ గొప్పవారని చెప్పను. కుక్కని తెచ్చిన మనుషుల మాటలంటే ఆవిడకి పడేది కాదు. "యజమాని చెప్పేదాంట్లో సగం కథ, సగం దిగులు. కుక్కనే అడుగు" అనేవారు. మేమూ అదే గొప్ప శాస్త్రీయ దృష్టి అనుకుని, మనుషులు నోరు తెరవగానే కుక్క వైపు తిరిగిపోవడం నేర్చుకున్నాం.

ఈ సూత్రం ఒకసారి భావనపాడు నుంచి వచ్చిన ఒక పిల్లి దగ్గర బెడిసికొట్టింది. బుట్టలో పెట్టి తెచ్చారు. తల గుండెకి ఆనుకుపోయింది, ఎత్తలేదు, తూలుతోంది. మేమంతా దాని మెదడులో పెద్ద పెద్ద జబ్బులు ఊహించుకుంటూ, ఎవరి ఊహ పెద్దదో పోటీ పడుతున్నాం. దాన్ని తెచ్చిన చేపలావిడ విసుగెత్తి, "తిండి మాత్రం బాగా తినీదే బాబూ. అన్నం ఎడితే మూతి తిప్పీస్తాది. పచ్చి చేపే కావాల" అంది. అప్పుడు వెలిగింది. కొన్ని రకాల చిన్న చేపలు పచ్చివి అదేపనిగా తింటే ఒంట్లో బి-వన్ విటమిన్ హరించుకుపోతుంది, మెదడు మొరాయిస్తుంది. బి-వన్ సూది వేశాం. మర్నాటికి పిల్లి తల ఎత్తి, ముందు నన్ను గీరింది. చేపలావిడ ఊరంతా "సచ్చిన పిల్లిని లేపీసినాడు" అని చెప్పింది. అది చావలేదని నేను సర్దిచెప్పబోయాను గాని, అంత బాగా ప్రచారం చేసేవాళ్లని ఆపడం తేలిక కాదు.

ఇలాంటి కేసులు మనిషికి చెడు చేస్తాయి. సూది వేశాం, తగ్గింది, కాబట్టి మనవల్లే తగ్గిందన్న నమ్మకం పెరుగుతుంది. దాన్ని వదిలించిన కుక్క సాలూరు నుంచి వచ్చింది.

హారను

సాలూరులో లారీ లేని ఇళ్లు ఉండొచ్చు గాని, లారీ మాట లేని ఇల్లు ఉండదు. ఆశీర్వాదానికి సొంత లారీ ఒకటి ఉంది. అతనూ, అతని చెల్లెలు మార్తమ్మ భర్త దానియేలూ మార్చి మార్చి నడుపుతారు. మూడో ఉద్యోగి ఒక ముసలి నాటుకుక్క. ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తే కిటికీలోంచి తల పెట్టి మొరుగుతుందని దానికి హారను అని పేరు పెట్టారు.

వాళ్లు ముగ్గురూ కలిసే తెచ్చారు. కుక్క దానియేలు చేతుల్లో ఉంది, ఇంకెవరు ఎత్తుకున్నా ఊరుకోవడం లేదట. ఆశీర్వాదం ముందు నడుస్తున్నాడు. మార్తమ్మ నీళ్ల సీసా పట్టుకుని వెనకాల వచ్చి, గోడ పక్క బల్ల మీద కూచుంది.

"రగతం తీసి సూడండి బాబూ" అన్నాడు ఆశీర్వాదం.

"దేనికి?"

"ఎంత మందు తాగీసిందో తెలవాల."

నేను కుక్కని చూశాను, తరవాత అతన్ని చూశాను. వేళాకోళం కాదు.

సంగతి ఏమిటంటే, దానియేలు ఒకప్పుడు బాగా తాగేవాడు. ఆ రోజుల్లో లారీ స్టాండులో సీసా మూతతో హారనుకి కూడా కొంచెం పోసేవాడు. అది తూలుతుంటే డ్రైవర్లందరూ నవ్వేవారు. తరవాత దానియేలు తాగుడు మానేశాడు. వేగావతి నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. వాళ్లది పాత బాప్టిస్టు చర్చి. అక్కడ అందరి ముందూ నిలబడి, ఇక ముట్టనని సాక్ష్యం ఇచ్చాడు. అప్పటి నుంచి ముట్టలేదనే అందరి నమ్మకం.

ఇప్పుడు రాయపూర్ లోడు దింపి తిరిగొస్తూ ఘాట్ రోడ్డు మీద హోటల్ దగ్గర ఆగారు. ఆశీర్వాదం కేబిన్‌లో కునుకు తీశాడు. లేచేసరికి హారను తూలుతోంది, కక్కుతోంది, కళ్లు తిప్పుతోంది. అచ్చం పాత రోజుల్లో లాగే. దాని పక్కన మెలకువగా ఉన్నది దానియేలు ఒక్కడే. ఆశీర్వాదానికి ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. సాలూరు దిగగానే తాళం తీసేసుకున్నాడు. మర్నాడు చెల్లెల్ని బట్టలతో సహా తన ఇంటికి తీసుకుపోయాడు. పాస్టరు గారికి చెప్పాడు.

వాళ్ల సంఘంలో పద్ధతి ఏమిటంటే, మళ్లీ తాగుడులో పడ్డవాడు ఒప్పుకుని పశ్చాత్తాపపడేదాకా ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకి రాకూడదు. "ఒప్పీసుకో, పోతాది గదా" అన్నారట పెద్దలు. చెయ్యని తప్పు ఒప్పుకోడానికీ కొంత ప్రతిభ కావాలి. దానియేలుకి అది లేదు. అలా స్టీరింగు పోయింది, భార్య అన్నగారింటికి పోయింది, చర్చిలో చోటు పోబోతోంది.

మామూలుగా "బావా" అని పిలిచే మనిషిని ఆశీర్వాదం ఆ రోజు "ఈడు" అంటున్నాడు.

"ఈడు పోసీసినాడు బాబూ. నా కల్లతో సూసినాను."

"పోయడం చూశారా?"

"కుక్కని సూసినాను."

దానియేలు కుక్కని నేల మీద దింపి, పడిపోకుండా నడుం దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

నేను నాకు తెలిసిన పని చేశాను. నడిపించాను, పాదం మడిచాను, కళ్లు చూశాను. కాళ్లలో బలం ఉంది. పేరు పిలిస్తే చెవి నిక్కిస్తోంది. పాదం మడిస్తే వెంటనే సరిచేసుకుంటోంది. కాని తల ఎడమకి వాలిపోయింది, నడిస్తే ఎడమకే పడుతోంది. కళ్లు మెల్లగా ఎడమకి జారి, గబుక్కున కుడికి కొట్టుకుంటున్నాయి. చెవిలో లైటు వేసి చూస్తే శుభ్రంగా ఉంది. ముసలి కుక్కలకి వచ్చేదే ఇది. లోపలి చెవిలో తూకం చూసే భాగం ఒక పక్క హఠాత్తుగా పని మానేస్తుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలియదనడానికి మా పుస్తకాల్లో పెద్ద గ్రీకు మాట ఒకటి ఉంది. ఆ మాట వాడితే తెలిసినట్టు ఉంటుంది.

"ఇది మందు కాదండీ" అన్నాను. "తాగిన కుక్క రెండు పక్కలకీ తూలుతుంది, పడుకుని లేస్తే దిగిపోతుంది. ఇది ఒక పక్కకే వాలింది, రెండు రోజులైనా తగ్గలేదు. చెవి లోపలి జబ్బు. దానంతట అదే తగ్గుతుంది."

"మరి సూదెయ్యరా?"

"అక్కర్లేదు. వాంతులకి ఒక మాత్ర ఇస్తాను. మెట్ల దగ్గరికి పోకుండా చూసుకోండి."

"ఇంత దూరం వస్తే సూది కూడా ఎయ్యరేటి" అని ఆశీర్వాదం కాసేపు నన్నూ అనుమానించాడు.

"నీలు తాగుతాదా బాబూ?" అని మార్తమ్మ అడిగింది. గిన్నె కాస్త ఎత్తుగా పట్టుకుంటే తాగుతుందని చెప్పాను. ఆ రోజు ఆవిడ మాట్లాడింది అంతే. నేను ఆవిడని అడిగిందీ ఏమీ లేదు.

వెళ్లబోతూ ఆశీర్వాదం గుమ్మం దగ్గర ఆగాడు. "కుక్కకి పొయ్యనేదు, సరే. ఆడు తాగినాడా, నేదా?"

ఇది నేను ఊహించలేదు. అతని అనుమానం మొత్తం కుక్క మీదే నిలబడి ఉంది. కుక్కని తీసేస్తే అది కూలిపోతుందనుకున్నాను. అనుమానం అలా ఉండదు. నిచ్చెన తీసేసినా అటక మీదకి ఎక్కినవాడు అటక మీదే ఉంటాడు.

తగ్గడం వల్ల వచ్చిన చిక్కు

హారను మెల్లగా లేచింది. తల కొంచెం వంకరగా ఉండిపోయింది గాని, తిండీ నడకా కుదిరాయి. సాలూరులో నాకు పేరొచ్చింది. "ఆ డాక్టరు బాబు ఏటీ సెయ్యకుండానే తగ్గించీసినాడు" అనుకున్నారట. నా వృత్తి జీవితంలో నాకు దక్కిన పొగడ్తల్లో అక్షరాలా నిజమైనది ఇదొక్కటే.

కాని కుక్క లేవడం దానియేలుకి మేలు చెయ్యలేదు. "సూసినారా, మందు దిగిపోనాది" అన్నాడు ఆశీర్వాదం. పడిపోతే తాగినట్టు, లేస్తే దిగినట్టు. ఇంత పకడ్బందీ సిద్ధాంతం మా రంగంలో కూడా తక్కువ.

బల్ల ఆరాధన ఆదివారం దగ్గర పడుతుండగా పాస్టరు గారు ఫోన్ చేశారు. "మా ఆచారంలో సాక్ష్యం అని ఒకటుంది డాక్టరు గారూ. మీరొచ్చి సంఘం ముందు ఒక్క మాట చెబితే, ఒక మనిషి నిలబడతాడు."

నేను వరి పండించే హిందువుల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఒక కుక్క లోపలి చెవి గురించి చర్చిలో సాక్ష్యం ఇవ్వమని ఎవరైనా అడుగుతారని మా సిలబస్‌లో లేదు. మేడమ్‌ని అడిగాను. "వెళ్లు. పవర్ పాయింట్ తీసుకెళ్లకు" అన్నారు. తలుపు దాకా వచ్చాక మళ్లీ పిలిచి, "చూసింది చెప్పు. చూడనిది అడిగితే చూడలేదని చెప్పు. ఆ రెండోదే కష్టం" అన్నారు.

మా అమ్మ అయితే, "అక్కడ అందరూ తెల్లబట్టలేసుకుంటారు, నువ్వూ ఏసుకో. మైకు నోట్లో ఎట్టీకు" అంది. ఇద్దరి సలహాలూ పనికొచ్చాయి.

సాక్ష్యం

మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, ముందు తెల్లగుడ్డ పరిచిన బల్ల. దానియేలు చివరి వరసలో, గుమ్మానికి దగ్గరగా కూచున్నాడు. అక్కణ్ణించి లేచిపోవడం తేలిక.

మైకు ముందు నిలబడి, చెవి లోపల రసమట్టం లాంటిది ఉంటుందని మొదలుపెట్టాను. గోడ కట్టే మేస్త్రి వాడతాడే, అలాంటిది. రెండు చెవుల్లో రెండు. ఒకటి చెడితే గోడ బాగానే ఉన్నా వంకరగా ఉన్నట్టు తోస్తుంది, మనిషైనా కుక్కైనా ఆ పక్కకే పడతారు. ఇంతవరకు చెప్పి ఊపిరి తీసుకున్నాను. సంఘమంతా "స్తోత్రం" అంది. ఏ సదస్సులోనూ నా పరిశోధనకి ఇంత స్పందన రాలేదు. తరవాత కొన్నిచోట్ల అవసరం లేకపోయినా ఊపిరి తీసుకున్నాను.

"కాబట్టి హారను తాగలేదు. అది జబ్బు" అని ముగించాను.

ముందు వరసలో సంఘ పెద్ద ఒకాయన లేచాడు. "సంతోషం బాబూ. అయితే దానియేలు తాగనేదని మీరు సెప్తన్నట్టే గదా?"

అవునంటే అయిపోయేది. అందరూ ఆ ఒక్క మాట కోసమే చూస్తున్నారు. ఆశీర్వాదం కూడా. అతనికీ ఈ తగువు బరువైపోయిందని మొహం చూస్తే తెలుస్తోంది. దిగడానికి ఎవరైనా మెట్టు వేస్తే దిగిపోదామని ఉన్నాడు. నేను ఆ మెట్టు వెయ్యగలను. తెల్లబట్టలు వేసుకున్నాను, చేతిలో మైకు ఉంది, చదువుకున్నవాణ్ణి. నేను చెప్పింది ఎవరూ కాదనరు. సరిగ్గా అందుకే భయం వేసింది. నాకు తెలిసిన దానికి వచ్చిన గౌరవాన్ని తెలియని దానికి ఖర్చుపెట్టమంటున్నారు. ఈ రంగంలోకి వచ్చే మీకు ఇలాంటి క్షణాలు చాలా వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మంచి పని కోసమే వస్తాయి. చిక్కు అదే.

"కుక్క తాగలేదండీ. అంతవరకే నా సాక్ష్యం" అన్నాను. "ఘాట్ మీద దానియేలు గారు ఎలా ఉన్నారో నేను చూడలేదు."

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. దానియేలు తల వంచుకున్నాడు. శాస్త్రాన్ని కాపాడి మనిషిని ముంచేశాననిపించింది.

ఆడవాళ్ల వైపు మార్తమ్మ లేచింది. ముసుగు సర్దుకుంది. మైకు ఇవ్వబోతే అక్కర్లేదంది.

"ఆడు తాగినప్పుడు నా వంట మెచ్చుకునీవోడు" అంది. "మాడిపోయిన కూర ఎట్టినా, ఓలమ్మ, ఎంత బాగున్నాదే అనీవోడు. మానీసిన కాణ్ణించీ రోజూ వంకే. కారం ఎక్కువ, పులుపు తక్కువ. ఆ రోజు ఘాటు దిగొచ్చి, కంచం ముందు కూకుని, మొదటి ముద్దకే ఉప్పు నేదన్నాడు. తాగినోడు ఉప్పు ఎతకడు. ఆడు తాగనేదు."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారు బైబిలు అడ్డం పెట్టుకున్నారు. సంఘ పెద్ద మాత్రం పట్టు వదల్లేదు. "మరి ఇన్నాల్లూ సెప్పనేదేటమ్మా?"

"అన్నియ్య కోపం మీద ఉన్నాడు, ఎదురు సెప్తే లారీ ఎక్కనివ్వడని ఊరుకున్నాను. ఎవరైనా అడిగితే సెబ్దారనే ఉన్నాను. నన్నెవలడిగినారు? అందరూ కుక్కనే అడిగినారు."

ఆవిడ కూచుంది. పాస్టరు గారు చివరి వరసకేసి చూసి చెయ్యి ఊపారు. దానియేలు లేచి ముందుకి నడిచి, బల్ల దగ్గర మిగతావాళ్లతో పాటు నిలబడ్డాడు. ఆశీర్వాదం తన చెప్పులు చూసుకుంటున్నట్టు నేలకేసి చూస్తున్నాడు, అవి గుమ్మం బయట ఉన్నా.

ఉప్పు

ఆ తరవాత నేను పనిచేసినన్నాళ్లూ, కుక్కతో పాటు ఎంతమంది వస్తే అంతమందినీ అడిగాను. నీళ్ల సీసా పట్టుకున్నవాళ్లని కూడా. ఎక్కువసార్లు పనికొచ్చేది ఏదీ దొరకదు. మేడమ్ చెప్పినట్టు సగం కథ, సగం దిగులు. అయినా అడగండి. మా మేడమ్ నేర్పినవాటిలో నేను ఒప్పుకోనిది మనుషుల్ని అడగక్కర్లేదన్నది ఒక్కటే. ఆవిడకి ఆ మాట చెప్పాను కూడా. "సరే, వరండాలో ఇంకో బల్ల వేయించు" అన్నారు.

ఆ ఆదివారం మార్తమ్మ నన్ను భోజనం చెయ్యకుండా కదలనివ్వలేదు. చర్చి నుంచి నేరుగా తన ఇంటికే వెళ్లింది, తాళం తీసింది, పొయ్యి వెలిగించింది. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరగబోతున్న అన్నగారిని ఆపి, "నా బట్టలు మీ ఇంటికాడే ఉన్నాయి. సాయంత్రం తెచ్చీ. ఇప్పుడు కూకో" అంది. ఆశీర్వాదం కూచున్నాడు.

ఎండుచేపలు వేసిన వంకాయ పులుసు. వరసగా ముగ్గురం. వాళ్లిద్దరి మధ్యా నన్ను కూచోబెట్టారు, సరిహద్దు రాయిలాగ. ఆశీర్వాదం ముద్ద కలిపాడు గాని నోట్లో పెట్టుకోలేదు. దానియేలునే చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. మార్తమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. దానియేలు నిదానంగా కలిపాడు, తిన్నాడు, మింగాడు.

"ఉప్పు తక్కువైనాది" అన్నాడు.

ఆశీర్వాదం ముద్ద నోట్లో పెట్టుకుని, నా మీదుగా ఒంగి, "ఒరే బావా, సోమారం రాయపూర్ లోడు ఉన్నాది. పెందరాలే వచ్చీ" అన్నాడు.

ఎండుచేప వేసిన పులుసులో ఉప్పు తక్కువయ్యే ప్రసక్తే లేదు. నా నాలుకకైతే సరిగ్గా సరిపోయింది. కాని ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.